నీళ్ల స్కూటర్ పని: జూన్ నుంచి చవితి దాకా

జూన్ 8

పార్సిల్ ఆఫీసు నుంచి ఆటోలో తెచ్చి షాపు గడప దగ్గర దించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. కాటా మీద పెడితే 23 కిలోల 400 గ్రాములు తూగింది. విశాఖపట్నంలో డైవింగ్ పని చేసే మా బావమరిది పంపిన నీళ్ల స్కూటర్ ఇది. రెండేళ్లుగా వాళ్ల గోడౌన్‌లో ఓ మూల పడి ఉందట. "బావా, బోరు మోటార్లు బాగు చేసే చెయ్యి నీది. దీన్నీ ఒకసారి చూడు. నడిస్తే నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు ఫోన్లో.

చూడనివాళ్ల కోసం చెబుతాను. రెండు మూరల పొడవున్న అల్యూమినియం గొట్టం. లోపల బ్యాటరీలు, మోటారు. వెనక ప్రొపెల్లర్, దాని చుట్టూ రింగు. పట్టుకోవడానికి రెండు పిడులు. మీట నొక్కితే అది ముందుకు పోతూ పట్టుకున్న మనిషిని లాక్కెళుతుంది. సముద్రంలో డైవర్లు దీన్ని పట్టుకుంటే కాళ్లు ఆడించే శ్రమ తగ్గుతుంది, సిలిండర్‌లో గాలి మిగులుతుంది.

కర్నూల్లో సముద్రం లేదు. అయినా సరేనన్నది మామ కోసం. ఆయన నాకు చుట్టం కాదు, వీధి వీధంతా మామ అనే పిలుస్తుంది. తుంగభద్రలో పుట్టి వేసుకుని చేపలు పట్టే మనిషి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు మా వీధిలో మేడల మీద చిక్కుకున్నవాళ్లను ఆ పుట్టిలోనే దించాడు. కర్నూలు-కడప (కేసీ) కాలువలో ఎవరైనా కొట్టుకుపోతే ఇప్పటికీ మొదటి ఫోను ఆయనకే. నిమజ్జనం రోజు ఆ కాలువ మీది వినాయక ఘాట్ దగ్గర నీళ్లలో నిలబడే ఈతగాళ్లలో ఆయనా ఉంటాడు. ఇప్పుడు 58 ఏళ్లు. కుడి భుజం అరిగిపోయింది, చెయ్యి తల దాకా లేవడం లేదు. చెయ్యి లేవకపోయినా ఈ బండి పట్టుకుంటే నీళ్లలో కదలొచ్చు కదా అని నా ఆశ. చవితిలోపు తయారు చేయాలి.

జూన్ 10

మూత తీయడానికే రెండు రోజులు పట్టింది.

లోపల ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. చార్జింగ్ పెట్టినప్పుడు, పాడైనప్పుడు అవి హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు అంటుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే ఆ వాయువు గదిలో కలిసి పోతుంది. ఇది బోల్టులతో బిగించిన గొట్టం, అందులోనే రవ్వలు కొట్టే బ్రష్ మోటారు. అందుకే మీట ముట్టుకోకుండా షాపు బయట వేపచెట్టు కింద పెట్టి విప్పడం మొదలుపెట్టాను. ఆరు బోల్టుల్లో రెండు కదల్లేదు. వాటి చుట్టూ ఉప్పులా తెల్లటి పొడి. స్టీలు బోల్టు, అల్యూమినియం ఒళ్లు, మధ్యలో సముద్రపు నీళ్లు చేరితే అదే ఒక చిన్న బ్యాటరీ అవుతుంది, అల్యూమినియం కొంచెం కొంచెంగా తినుకుపోతుంది. మామూలుగా అయితే హీట్ గన్ పెట్టేవాణ్ణి. లోపల ఏముందో తెలియకుండా వేడి పెట్టే ధైర్యం చేయలేదు. రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి ఉంచి, పొద్దున్నే చిన్న సుత్తితో తడుతూ తిప్పితే వచ్చాయి.

మూత తెరిచి పూర్తిగా ఒక రోజు అలాగే గాలికి వదిలేశాను.

లోపల రెండు 12 వోల్టుల బ్యాటరీలు, వరసగా కలిపి 24. మీటరు పెడితే రెండూ కలిపి 9 వోల్టులు. ఒకటి పక్కలకు ఉబ్బి గొట్టానికి కరుచుకుపోయింది. అడుగున నీళ్లు నిలిచి ఎండిన గీత, మోటారు ముందు భాగంలో తుప్పు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టడమే ఇక్కడ అసలు పని.

మా బోరు మోటార్లకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటారులో మనమే మంచినీళ్లు నింపి దించుతాం. వైండింగ్ వైరు మీదే ప్లాస్టిక్ పొర ఉంటుంది, నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి, నీళ్లే బుష్‌లకు నూనె లాగా పనిచేస్తాయి. ఇరవై ఏళ్లుగా నేను నీళ్లను లోపలికి పోసే పని చేశాను. ఇప్పుడు ఒక్క చుక్క కూడా రాకుండా ఆపే పని నేర్చుకోవాలి.

జూన్ 15

మోటారు నా చేతికి తెలిసిన పని కాబట్టి తొందరగా అయిపోయింది. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) గ్రౌలర్ అనే పరీక్ష పరికరం మీద పెడితే షార్ట్ ఏమీ లేదు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ రీడింగ్ తక్కువ వచ్చింది కానీ అది తడి, బ్రష్ పొడి వల్లే. కడిగి ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పైకి వచ్చింది. వరద తర్వాత నెలన్నర పాటు షాపులో ఇదే పని చేశాం, బురద కడగడం, ఆరబెట్టడం.

కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి పట్టీల చుట్టు) గాళ్లలో కార్బన్ పొడి గట్టిగా పేరుకుపోయింది. హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో గాడిలో, పట్టీల మధ్య ఉండే మైకాను రాగి కన్నా కొంచెం కిందికి గీశాను. బ్రష్‌ల దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. కారు సెల్ఫ్ మోటారు బ్రష్‌లు సైజుకు దగ్గరగా దొరికాయి. కానీ వాటిలో రాగి ఎక్కువ, కొన్ని క్షణాలు తిరిగి ఆగే మోటారు కోసం చేసినవి. ఇది గంటసేపు తిరగాలి. లారీ బ్లోయర్ మోటారు 24 వోల్టులది కాబట్టి దాని బ్రష్‌లు తెచ్చి ఆకురాయితో అరగదీసి పెట్టాను. కమ్యుటేటర్ మీద సన్న సాండ్ పేపరు చుట్టి చేత్తో తిప్పుతూ బ్రష్ మొహాన్ని దాని గుండ్రానికి సరిగ్గా ఆనేలా చేశాను. బల్ల మీద 12 వోల్టులతో తిప్పి చూస్తే రవ్వలు దాదాపు లేవు.

జూన్ 22

ఈ వారమంతా షాఫ్ట్ సీలు మీదే గడిచింది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ మందం 12 మిల్లీమీటర్లు. అది గొట్టంలోంచి బయటికి వచ్చే చోట మామూలు ఆయిల్ సీళ్లు రెండు ఉన్నాయి. వాటిని లాగేశాక షాఫ్ట్ మీద గోరు జరిపి చూశాను. సీలు పెదవి ఆనే చోట గోరు టక్కున ఆగింది. కంటికి సన్నటి మెరిసే గీతే కనిపిస్తుంది కానీ అది గాడి. ఇసుక రేణువులు రబ్బరులో ఇరుక్కుని, రబ్బరే ఆకురాయిలా మారి స్టీలును తినేసింది. అక్కడ ఎన్ని కొత్త సీళ్లు వేసినా నీళ్లు ఆ గాడి వెంట నడిచి వస్తాయి.

పైగా మామూలు ఆయిల్ సీలు ఆయిల్‌ను ఆపడానికి చేసింది, ఒత్తిడిని మోయడానికి కాదు. తిరిగే షాఫ్ట్ మీద అది తట్టుకునేది అర బారు లోపే (బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). నీళ్లలో ప్రతి పది మీటర్లకు దాదాపు ఒక బారు పెరుగుతుంది. అంటే అయిదు మీటర్ల దగ్గరే దాని పని అయిపోతుంది.

మన మోనోబ్లాక్ పంపుల్లో వాడే మెకానికల్ సీలు గుర్తొచ్చింది. ఒక కార్బన్ మొహం, ఒక సిరామిక్ మొహం, స్ప్రింగు వాటిని ఒకదానికొకటి ఆనించి ఉంచుతుంది. షాఫ్ట్ మీద రబ్బరు రుద్దుకోదు, రెండు నున్నటి మొహాలు రుద్దుకుంటాయి. పంపులో రెండు మూడు బార్ల ఒత్తిడిని పొద్దంతా మోస్తుంది. 12 మిల్లీమీటర్ల సైజు పంపు స్పేర్ల దుకాణంలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టడానికి కొత్త హౌసింగ్ కావాలి. లేత్ భాయ్ దగ్గరికి పోయి కొలతలు గీసి ఇచ్చాను. ఆయన షాఫ్ట్‌ను వెలుతురులో తిప్పి చూసి, "గాడి పడిన చోట సీలు ఆనకుండా నాలుగు మిల్లీలు ముందుకు జరుపుదాం అన్నా, షాఫ్ట్ మార్చే పని తప్పుతుంది" అన్నాడు. నాకు తట్టని మాట. అలాగే చేశాం.

ఈ సీలుతో ఒక జాగ్రత్త ఉంది. ఆ రెండు మొహాల మధ్య సన్నటి నీటి పొర ఉండాలి. పొడిగా తిప్పితే క్షణాల్లో కాలి గీతలు పడతాయి. అందుకని గొట్టం మీద ఎర్ర పెయింట్‌తో "నీళ్లలో తప్ప తిప్పకూడదు" అని రాయించాను. షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఆ మీట నొక్కి చూడాలనే ఉంటుంది.

జూన్ 29

మూత గాడిలో నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగును ఓ-రింగ్ అంటారు. పాతదాని అసలు మందం 5 మిల్లీమీటర్లు, వెర్నియర్‌తో కొలిస్తే 4.3 వచ్చింది. ఏళ్ల తరబడి నలిగి ఒక వైపు చపాతీలా అయిపోయింది. కొత్తది నైట్రైల్ రబ్బరుది తెచ్చాను. సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత పలచగా రాశాను. చాలామంది గ్రీజే నీళ్లను ఆపుతుందనుకుని ముద్దలు ముద్దలుగా పూస్తారు. నీళ్లను ఆపేది నలిగిన రబ్బరు. గ్రీజు ఉన్నది ఆ రబ్బరు మెలిపడకుండా గాడిలో జారి కూర్చోవడానికి. ఎక్కువ పూస్తే దుమ్మును పట్టుకుంటుంది, అంతే.

నీళ్లలో పెట్టకముందే పరీక్ష చేసే ఉపాయం బావమరిది చెప్పాడు. లోపలి గాలిని కొంత లాగేసి గేజి చూస్తూ కూర్చోవాలి. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే పాత రిలీఫ్ వాల్వు రంధ్రానికి ఏసీ మెకానిక్ దగ్గర తెచ్చిన గేజి, చేతి పంపు బిగించాను. తోకను నీళ్ల బకెట్‌లో పెట్టి 0.30 బారు లాగాను. మూడు మీటర్ల లోతుకు దించినట్టే లెక్క. ఇరవై నిమిషాలకు 0.12కి పడిపోయింది.

మూత విప్పి చూస్తే ఏమీ కనిపించలేదు. మళ్లీ బిగించాను, మళ్లీ పడింది. మూడోసారి విప్పినప్పుడు మా చిన్నమ్మాయి బడి నుంచి వచ్చి పక్కన నిలబడి చూస్తూ ఉంది. "నాన్నా, ఇక్కడ దారం" అంది. వంగి చూశాను. ఓ-రింగ్ మీద అడ్డంగా తువ్వాలు పోగు ఒకటి. వెంట్రుక కన్నా కొంచెం మందం, గోరంత పొడవు. గాడి తుడిచింది నేనే, ఆ తువ్వాలుతోనే. గ్రీజులో మునిగి కనపడకుండా పడుకుంది. సూది మొనతో లేపి తీసేశాను. అప్పటి నుంచి గాడి తుడవడానికి పోగులు రాలని కళ్లద్దాల గుడ్డే వాడుతున్నాను. బిగించే ముందు మొబైల్ టార్చి ఓ-రింగ్ మీద పక్కవాటుగా వేసి చుట్టూ ఒకసారి చూడటం, వేలి కొసతో ఒక చుట్టు తడిమి చూడటం అలవాటు చేసుకున్నాను. అడ్డంగా పడిన వెలుతురులో పోగుకు నీడ పడుతుంది, నీడే ముందు కనిపిస్తుంది.

జూన్ 30

పొద్దున 0.30 పెట్టి వేరే పనిలో పడ్డాను. మధ్యాహ్నానికి 0.28. మళ్లీ లీకేనని మనసు విరిగిపోయింది. మూత విప్పబోయి ఆగి ఆలోచించాను. పొద్దున థర్మామీటరు 31 చూపించింది, ఇప్పుడు రేకుల కింద 41. మూసిన గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి దాదాపు 3 శాతం పెరుగుతుంది. లోపల మిగిలింది 0.70 బారు అయితే అది 0.72కి పైనే అవుతుంది. గేజి చూపించిన తేడా సరిగ్గా అంత. సాయంత్రం చల్లబడేదాకా ముట్టుకోకుండా ఉంచాను. రాత్రి తొమ్మిదికి ముల్లు 0.30 దగ్గరికి తిరిగి వచ్చింది. మా ఊరి ఎండలో ఈ పరీక్ష చేసేవాళ్లు గేజి పక్కన థర్మామీటరు కూడా పెట్టుకోవాలి.

జూలై 6

కోడుమూరు దారిలో మా మేనమామ చేనులో దిగుడు బావి. చుట్టూ బండలు పేర్చిన పాత బావి, ఇప్పుడు ఏడు మీటర్ల నీళ్లు ఉన్నాయి. బ్యాటరీలు లేకుండా ఖాళీ గొట్టాన్ని, లోపల పాత పేపరు పరిచి, అడుక్కి దించాం. ఖాళీ గొట్టం 12 కిలోలే, 23 లీటర్ల నీళ్లను తోస్తుంది కాబట్టి మునగదు. 25 కిలోల బండరాయి కట్టాల్సి వచ్చింది.

ఏడు మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్ల మూత మీద పడే తోపుడు 220 కిలోలు. తాడు పట్టుకుని గట్టు మీద కూర్చున్న ఆ గంటసేపు నాకు ఆ అంకె తప్ప ఇంకేమీ తోచలేదు. పైకి లాగి విప్పితే పేపరు పొడిగా కరకరలాడింది. మేనమామ ఆ పేపరు చేతిలోకి తీసుకుని, "నీళ్లలో ముంచి తీసినాక కూడా చదువుకోవచ్చునే" అని అందరికీ చూపించాడు.

జూలై 20

బ్యాటరీ. పాత వాటి స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ పెట్టాలని మొదటి నుంచీ అనుకున్నాను. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, ఎనిమిది వరసలు కలిపితే 25.6. వరసకు నాలుగు చొప్పున మొత్తం 32, కెపాసిటీ 24 యాంపియర్ అవర్లు. హోల్డర్లు, సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ (బీఎంఎస్) అన్నీ కలిపి 5 కిలోల 600 గ్రాములు. పాత లెడ్ బ్యాటరీలు 11 కిలోల 400 గ్రాములు. పాత వాటి మీద 18 యాంపియర్ అవర్లు అని రాసి ఉంది కానీ అది 20 గంటలు మెల్లగా వాడితే వచ్చే లెక్క. గంటలోపే అంతా లాగేస్తే లెడ్ యాసిడ్ అందులో సగం, సగానికి కొంచెం పైన ఇస్తుంది. లిథియంలో రాసినంతా దాదాపు వస్తుంది.

దాదాపు ఆరు కిలోలు తగ్గిందని సంబరంతో మామకు ఫోన్ చేసి చెప్పాను. తర్వాత నీళ్ల తొట్టిలో వేస్తే బెండులా తేలింది! నీళ్లు గొట్టం సైజునే లెక్కపెడతాయి. 23 లీటర్ల గొట్టం మునగకుండా తేలకుండా ఉండాలంటే 23 కిలోలు ఉండి తీరాలి. తీసిన సీసాన్ని మళ్లీ సీసంగానే పెట్టాలి.

మామ తన పాత వలల నుంచి సీసపు గుళ్లు ఒక సంచి తెచ్చి ఇచ్చాడు. 5 కిలోల 200 గ్రాములు పట్టాయి. అయితే లాభం వేరే విధంగా వచ్చింది. లెడ్ బ్యాటరీ ఎక్కడ పడితే అక్కడ పెట్టలేం, గుళ్లు మనకు కావలసిన చోట పెట్టొచ్చు. ప్రొపెల్లర్ ఒక వైపు తిరిగితే గొట్టం రెండో వైపు దొర్లాలని చూస్తుంది, మణికట్ల మీద ఆ మెలి పడుతుంది. గుళ్లన్నీ పొట్ట కింద వరసగా కడితే ఆ మెలి చాలావరకు తగ్గింది. ముక్కు కొంచెం బరువుగా ఉంటే రెండు గుళ్లు వెనక్కి. అరచేతిలో పట్టే గుండు ఒకటి ఒక జానెడు జరిపితే గొట్టం వాలు మారిపోవడం కంటితో చూడొచ్చు.

ఇంకో సంగతి. విశాఖలో తేలిన బండి ఇక్కడ మునుగుతుంది. సముద్రపు నీళ్లు లీటరుకు 1,025 గ్రాములు, మన నీళ్లు వెయ్యి. 23 లీటర్లకు తేడా అర కిలో పైనే. అందుకే చేతిలోంచి జారితే మెల్లగా పైకి వచ్చేలా, 200 గ్రాములు తేలేటట్టు పెట్టాను. బావి అడుగున బురదలో పడిన వస్తువును వెతకడం ఎంత కష్టమో మామకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

జూలై 27

పాత మీట గొట్టంలో రంధ్రం చేసి లోపలికి పోయే ఇనుప కడ్డీ. దాని చిన్న ఓ-రింగ్ తెగి ఉంది. ఆ తుప్పుకు కారణం షాఫ్ట్ ఒక్కటే కాదన్నమాట. కడ్డీ తీసేసి రంధ్రానికి శాశ్వతంగా బిరడా బిగించాను. నీళ్లలోకి పోయే దేనిలోనైనా ఒక రంధ్రం తగ్గితే ఒక టెన్షన్ తగ్గినట్టే.

దాని బదులు అయస్కాంతం. ఎలక్ట్రిక్ సైకిల్ యాక్సిలరేటర్‌లో ఉండే హాల్ సెన్సర్‌ను (అయస్కాంతం ఎంత దగ్గరగా ఉందో పసిగట్టేది) గొట్టం లోపలి గోడకు అంటించాను. బయట మీటకు అయస్కాంతం. అల్యూమినియం అయస్కాంతానికి అడ్డు రాదు, నాలుగు మిల్లీమీటర్ల గోడ దాటి సెన్సర్‌కు అందుతుంది. దగ్గరికి జరిపేకొద్దీ వేగం పెరుగుతుంది. లోపల అదే సైకిళ్లకు వాడే 24 వోల్టుల బ్రష్ మోటారు కంట్రోలర్, గొట్టం గోడకే బిగించాను కాబట్టి నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. మోటారు మెల్లగా ఎత్తుకుంటుంది, ముందులా ఒక్కసారిగా గుంజదు.

ఇది ఆగకపోతే ఏంటి పరిస్థితి అనే భయం నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. కంట్రోలర్ పాడై మోటారు ఆగకుండా తిరిగితే, నీళ్ల కింద ఉన్న మనిషిని ఎక్కడికి లాక్కెళ్తుందో. అందుకని ఎడమ చేతి వైపు ఇంకో స్విచ్చి పెట్టాను. అది రీడ్ స్విచ్చి, అంటే అయస్కాంతం దగ్గరుంటేనే కలిసి ఉండే స్విచ్చి. దాని అయస్కాంతం మణికట్టుకు తాడుతో కట్టి ఉంటుంది. చెయ్యి వదిలితే అయస్కాంతం ఊడి వస్తుంది, బ్యాటరీ కరెంటును కలిపి ఉంచే పెద్ద స్విచ్చి (కాంటాక్టర్) పడిపోయి కరెంటు మొత్తం ఆగిపోతుంది. తొట్టిలో యాభై సార్లు లాగి చూశాను, యాభై సార్లూ ఆగింది. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా డయోడ్ మాత్రం మరిచిపోకూడదు. అది లేకపోతే ఆపిన ప్రతిసారీ కాయిల్ తిరగగొట్టే వోల్టేజీకి రీడ్ స్విచ్చి లోపలి సన్నటి ఆకులు అతుక్కుపోతాయి, అప్పుడు ఆగాల్సిన స్విచ్చే ఆగదు.

ఆగస్టు 3

బావిలో మామ మొదటిసారి. చిన్నపిల్లాడిలా ఉంది ఆయన మొహం.

ముందు లుంగీ వద్దన్నాను. నిక్కరు వేసుకుని వచ్చాడు, నడుముకు మొలతాడు, దానికి తాయెత్తు. ప్రొపెల్లర్ నీళ్లను గుంజుకునే వైపు వేలాడేది ఏదైనా లోపలికి పోతుంది. మొలతాడు తీయమని అడగడానికి నాకు మొహమాటం వేసింది. ఆయనే అర్థం చేసుకుని నిక్కరు లోపలికి దోపి పైన బెల్టు కట్టాడు. సీటు కవర్లు కుట్టే ఆయనతో ఆ బెల్టు ముందే కుట్టించాను. బెల్టు నుంచి స్కూటర్‌కు పొట్టి తాడు. లాగుడంతా నడుము మీద పడుతుంది, చేతులు దారి చూపడానికే. ఆ భుజానికి ఇది లేకపోతే పనికిరాదు.

ఊపిరి బిగబట్టి దిగాడు. పది సెకన్లలో పైకి వచ్చి కుడి చెవి మూసుకున్నాడు. "ఏమప్పా ఇది, చెవిలో సూది గుచ్చినట్టుండాది" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన చెవులు అలా నొప్పెట్టలేదు. కారణం వేగం. చేతులతో ఈదుతూ దిగేటప్పుడు తెలియకుండానే గుటక వేస్తూ చెవులు సర్దుకుంటాడు. బండి మూడు నాలుగు క్షణాల్లో మూడు మీటర్లు దించేసింది. నీళ్లలో మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది, పైన ఉన్న ఆ కొంచెం లోతులోనే చెవికి ఎక్కువ తేడా. ముక్కు మూసి మెల్లగా ఊదడం చూపించాను. అప్పటి నుంచి మీటరు దిగడం, ఆగడం, ఊదడం. వేగాన్ని సగానికి మించనివ్వకుండా మీటకు ఒక అడ్డు కూడా బిగించాను.

ఆగస్టు 17

చెరువులో వేగం కొలిచాం. ముప్పై మీటర్ల తాడుకు రెండు వైపులా ఖాళీ డబ్బాలు కట్టి, మీట అడ్డు తీసి, మామను నీటి పైభాగంలోనే పొమ్మన్నాను. మూడుసార్లు కొలిస్తే 27 సెకన్ల దగ్గరే వచ్చింది. గంటకు 4 కిలోమీటర్లు. కరెంటు 17 యాంపియర్లు. లెక్కకు 80 నిమిషాల పైన రావాలి.

కానీ ఈ బ్యాటరీలో ఒక మోసం ఉంది. లెడ్ బ్యాటరీ అయిపోయే ముందు బండి నీరసపడుతుంది, తెలుస్తుంది. ఇది చివరిదాకా ఒకే బలంతో లాగి, బీఎంఎస్ కట్ చేయగానే చప్పున ఆగిపోతుంది. గట్టుకు అంత దూరంలో అలా ఆగితే ఆ 23 కిలోలు తోసుకుంటూ ఈదాలి. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, చివరి మూడో వంతు ముట్టుకోకూడదు. 25 నిమిషాలకు వాచీ మోగేలా పెట్టాం.

ఆగస్టు 24

చవితికి మూడు రోజులు. కేసీ కాలువ దగ్గరికి పోయాం, బండి తీసుకుపోలేదు. గట్టు మీద ఇరవై మీటర్లు కొలిచి సున్నం గుర్తులు పెట్టి, మామ పై గుర్తు దగ్గర కొబ్బరికాయ వదిలాడు. కింద నేను వాచీతో. 19 సెకన్లు. ఇంకో నాలుగు సార్లు వదిలాం, ఒకసారి 18, ఒకసారి 20. గంటకు దాదాపు 3.8 కిలోమీటర్లు. బండి పూర్తి వేగం 4.

అంటే ఎదురీదితే ఉన్నచోటే నిలబడతాడు. వాలుకు పోతే రెండూ కలిసి పరుగు పెడతాయి, ఎదురుగా తూము వచ్చినా ఆగలేడు. నీళ్లు మట్టి రంగు, మోచెయ్యి దాకా పెడితే వేళ్లు కనిపించవు. నిమజ్జనంలో పూలదండలు, గుడ్డలు, తాళ్లు, వెదురు బద్దలు. ప్రొపెల్లర్‌కు ఏది చుట్టుకున్నా బండి లంగరు అయిపోతుంది, ఆ లంగరుకు మామ నడుము కట్టి ఉంటుంది.

కాలువకు ఇది వద్దు అని నేనే చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది, రెండున్నర నెలల పని. మామ కొబ్బరికాయ కోసం కిందికి నడుస్తూ, "తాడుండాది గదప్పా, ఎప్పటి లాగే" అన్నాడు.

సెప్టెంబరు 5

నిన్న రాత్రి నిమజ్జనం అయిపోయింది. మామ నడుముకు తాడు కట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఈసారి తాడు ఇంకో కొస పట్టుకున్నది నేను. తెల్లవారి మూడింటికి ఇంటికి వచ్చాం.

సెప్టెంబరు 14

ఒక రైతు చెరువు మధ్యలో తెప్ప మీద పెట్టిన ఓపెన్‌వెల్ మోటారు తాడు తెగి అడుక్కి పోయిందని షాపుకు వచ్చాడు. నిలకడ నీళ్లు, అయిదు మీటర్ల లోతు, గట్టు నుంచి నూట యాభై మీటర్లు. మామకు ఫోన్ చేశాను.

పొద్దున ఏడింటికి దిగాడు. నైలాన్ తాడు కొస బెల్టుకు కట్టుకుని పైపైన పోయి, తెప్ప దగ్గర ఆగి, మెల్లగా మీటరు చొప్పున కిందికి. నాలుగోసారి మునిగి వచ్చి బొటనవేలు చూపించాడు. మోటారు కొక్కేనికి తాడు కట్టేశాడు. అరగంటలోపే పని అయింది, కుడి చెయ్యి భుజం పైకి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ మోటారును రీవైండింగ్‌కు నా దగ్గరే దించారు.

సాయంత్రం ఎప్పటిలాగే చేశాను. మూత తీయకముందే బయట మంచినీళ్లతో కడిగి, తుడిచి, మూత గాడి చుట్టూ ఆరేదాకా ఆగాను. తడి ఉండగా విప్పితే బయటి చుక్కలే లోపల పడి లీకు అనుకుంటాం. చార్జింగ్ మూత తెరిచే పెడతాను, లిథియం అయినా సరే. ప్రొపెల్లర్ తీసి షాఫ్ట్‌కు చుట్టుకున్న నాచు పీకాను. అల్యూమినియం బదులు తానే అరిగిపోవడానికి బిగించే జింక్ ముక్క ఇక్కడి నీళ్లలో ఏమీ అరగలేదు. సిలికా జెల్ పొట్లాలు పెనం మీద వేడి చేసి మళ్లీ లోపల పెట్టాను.

ప్రతిసారీ లోపల నాలుగు చోట్ల టిష్యూ పేపరు అంటిస్తాను, ఎక్కడ తడిస్తే అక్కడే లీకు. సీలు దగ్గరిది పొడి. మూత దగ్గరిది పొడి. బిరడా దగ్గర పొడి. గేజి బిగించే రంధ్రం దగ్గర మాత్రం శనగగింజంత తడి. అక్కడ రాగి వాషర్ వేశాను, రేపు రబ్బరు అతికిన వాషర్ తెచ్చి వేసి రాత్రి చల్లబడ్డాక మళ్లీ 0.30 పెట్టి చూడాలి.